డెన్వర్ ఎత్తుకు గ్యాస్ ఫర్నేస్‌ను సరిచేయడం ఎలా?

డెన్వర్‌కు కొత్తగా కాపురం వచ్చినవాళ్లకు, కుక్కర్ లేకుండా కందిపప్పు ఓ పట్టాన ఉడకదని మొదటి వారంలోనే తెలిసిపోతుంది. బేస్‌మెంట్‌లోని ఫర్నేస్‌కూ అదే పలచటి గాలితో పేచీ ఉందని మాత్రం ఎవరూ చెప్పరు. సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున్న ఈ ఊళ్లో గాలి పీడనం దాదాపు ఆరోవంతు తక్కువ. ఫర్నేస్ మాత్రం సాధారణంగా సముద్రమట్టం లెక్కకు అమర్చి ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. గ్యాస్‌కు తగినంత ఆక్సిజన్ అందకపోతే అది పూర్తిగా కాలదు. మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గాలిని పెంచడం మన చేతిలో లేదు కాబట్టి గ్యాస్‌ను తగ్గిస్తాం.

ముందే ఒక హద్దు గీసుకుందాం. బర్నర్లు విప్పడం, ఆరిఫిస్‌లు (బర్నర్‌లోకి గ్యాస్‌ను వదిలే సన్నటి రంధ్రమున్న ముక్కలు) మార్చడం, గ్యాస్ వాల్వు స్క్రూ తిప్పడం లైసెన్సున్న టెక్నీషియన్ పని. లెక్క కట్టడం, కొలవడం, ఆయన పక్కన నిలబడి చూడడం మన పని.

కావలసినవి

- ఫర్నేస్ ఇన్‌స్టలేషన్ మాన్యువల్. పోయి ఉంటే మోడల్ నంబరు చెప్పి తయారీదారును అడగండి.
- టార్చి, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, కాగితం, పెన్ను.
- పుల్లలాంటి మొన ఉన్న థర్మామీటర్లు రెండు.
- పనిచేస్తున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఇది లేకుండా మిగతావేవీ మొదలుపెట్టొద్దు.

గ్యాస్ పీడనం కొలిచే మానోమీటర్, పొగ వాయువులను కొలిచే ఎనలైజర్, సబ్బు నీళ్లు టెక్నీషియన్ తెచ్చుకుంటారు. మీ మోడల్‌కు తయారీదారు ఇచ్చే హై ఆల్టిట్యూడ్ కిట్ కూడా ఉందో లేదో ఫోన్‌లోనే అడగండి. లేకపోతే ఆయన వచ్చి, చూసి, వెళ్లిపోతారు.

పద్ధతి

1. ఇంటి ఎత్తు తెలుసుకుందాం. ఊరి ఎత్తు కాదు, మన ఇంటిది. అదే రాష్ట్రంలో కొలరాడో స్ప్రింగ్స్ 6,000 అడుగులు దాటుతుంది, లెడ్‌విల్ 10,000 దాటుతుంది. పక్క ఊరి స్నేహితుడి ఫర్నేస్ లెక్క మనకు పనికిరాదు.

2. నేమ్‌ప్లేట్ చదువుదాం. ముందు ఫర్నేస్ పక్కనున్న కరెంటు స్విచ్ ఆపి, తర్వాతే తలుపు తీయండి. ప్లేటు మీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు అంకెలుంటాయి. మనకు కావలసింది ఇన్‌పుట్. గంటకు 80,000 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) అని ఉందనుకుందాం.

3. తగ్గింపు కడదాం. అమెరికాలో వాడుకలో ఉన్న నియమం ఇది: ఎత్తు 2,000 అడుగులు దాటితే, ప్రతి 1,000 అడుగులకు 4 శాతం తగ్గించాలి. లెక్క మొదలయ్యేది 2,000 నుంచి కాదు, సముద్రమట్టం నుంచే. చాలామంది తప్పేది ఇక్కడే. 5,280 అడుగులకు సుమారు 21 శాతం. అంటే 80,000 కాస్తా 63,000 అవుతుంది. కొన్ని మోడళ్లకు తయారీదారు వేరే శాతం ఇస్తారు. అప్పుడు మాన్యువల్ మాటే చెల్లుతుంది.

4. గ్యాస్ కంపెనీకి ఫోన్ చేసి, మన ఇంటికొచ్చే గ్యాస్‌లో ఘనపుటడుగుకు ఎన్ని బీటీయూలున్నాయో అడుగుదాం. సముద్రమట్టం దగ్గర అది 1,000 పైచిలుకు. డెన్వర్ వైపు సుమారు 830 ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ గ్యాస్ కూడా పలచనే. ఈ ఫోన్ కాల్ ఎగ్గొట్టొద్దు. మాన్యువల్‌లోని పట్టికలో ఒకవైపు ఎత్తు, మరోవైపు ఈ విలువ ఉంటాయి. రెండూ కలిసే గడిలో వేయాల్సిన ఆరిఫిస్ నంబరు ఉంటుంది. కొన్నిసార్లు పాతదే సరిపోతుందని పట్టికే చెబుతుంది.

5. ఇప్పుడు టెక్నీషియన్ వంతు. గ్యాస్, కరెంటు రెండూ ఆపి, అన్ని బర్నర్ల ఆరిఫిస్‌లూ మారుస్తారు. నంబరు పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది, అంటే 45 కంటే 47 సన్నం. పాత ఆరిఫిస్‌ను డ్రిల్లుతో సరిచేస్తానంటే ఒప్పుకోవద్దు. మాన్యువల్ చెబితే ప్రెషర్ స్విచ్ కూడా మార్చాలి. పలచటి గాలిలో, పొగను బయటికి లాగే ఇండ్యూసర్ ఫ్యాన్ బలం తగ్గి, పాత స్విచ్ మూసుకోక, ఫర్నేస్ అంటుకోదు.

6. కలిపిన చోటల్లా సబ్బు నీళ్లు పూసి బుడగలు రాలేదని చూడాలి. తర్వాత మానిఫోల్డ్ పీడనం, అంటే బర్నర్లకు వెళ్లే గ్యాస్ పీడనం కొలవాలి. సహజవాయువుకు అది సాధారణంగా 3.5 అంగుళాల నీటి స్తంభం (వాటర్ కాలమ్). పొగగొట్టంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో ఎనలైజర్‌తో చూపించమనండి.

7. మీటరుతో పరీక్షిద్దాం. అసలు రుజువు ఇదే. వాటర్ హీటర్, స్టవ్, ఫైర్‌ప్లేస్, గ్యాస్‌తో నడిచే ప్రతిదీ ఆపి, ఫర్నేస్ ఒక్కటే పది నిమిషాలు నడవనివ్వండి. రెండు దశల ఫర్నేస్ అయితే పై దశలో నడవాలి. మీటరు మీద చిన్న డయల్ ఒకటి గబగబా తిరుగుతుంటుంది. అది రెండు ఘనపుటడుగులదా, అరదా అన్నది దాని పక్కనే రాసి ఉంటుంది. ఒక చుట్టుకు ఎన్ని సెకన్లో చూడండి. డయల్ ఘనపుటడుగులను 3,600తోనూ, గ్యాస్ కంపెనీ చెప్పిన విలువతోనూ గుణించి, సెకన్లతో భాగించండి. రెండు అడుగుల డయల్, 830 విలువ, 95 సెకన్లు అయితే వచ్చేది దాదాపు 63,000. మనకు కావలసిందీ అంతే. అదే చుట్టు 75 సెకన్లలో తిరిగితే ఫర్నేస్ 80,000కు దగ్గరగా, తగ్గింపే లేకుండా మండుతోందని అర్థం.

8. వేడి పెరుగుదల చూద్దాం. ఫర్నేస్‌లోకి వచ్చే గాలి, బయటికి పోయే గాలి ఉష్ణోగ్రతల తేడా నేమ్‌ప్లేట్ మీది హద్దుల్లో ఉండాలి. బయటికి పోయే గాలి వైపు థర్మామీటర్‌ను హీట్ ఎక్స్‌ఛేంజర్ నేరుగా కనపడని చోట పెట్టండి, లేకపోతే అంకె అబద్ధమాడుతుంది. కొలిచే ముందు ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి.

9. ఎత్తు, కొత్త ఆరిఫిస్ నంబరు, కొత్త ఇన్‌పుట్, తేదీ రాసిన లేబుల్ అంటించే దాకా టెక్నీషియన్‌ను పంపొద్దు.

పొరపాట్లు

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది రెండుసార్లు తగ్గించడం. ఇక్కడి గ్యాస్ విలువ ముందే తక్కువని తెలియక, సముద్రమట్టం విలువతో పట్టిక చూసి సన్నటి ఆరిఫిస్ వేస్తారు. జనవరి చలికి ఫర్నేస్ రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది, ఇల్లు మాత్రం వేడెక్కదు.

మంట నీలంగా ఉంది కదా, బాగానే ఉందనుకోవడం రెండోది. పసుపు మంట చెడ్డదే, కానీ నీలం మంట ఒక్కటే పూచీ కాదు. కంటిచూపును కాదు, మీటరును, ఎనలైజర్‌ను నమ్మండి.

కొత్త ఫర్నేస్ కొనేటప్పుడు ఈ లెక్క మరిచిపోతారు. 1,00,000 బీటీయూ అని రాసి ఉన్నది ఇక్కడ సుమారు 79,000 మాత్రమే తీసుకుంటుంది. కోట్ ఇచ్చేవాళ్లను ఎత్తు లెక్క వేశారా అని అడగండి.

ఇక తలనొప్పి, వికారం. కొత్తగా వచ్చినవాళ్లు ఇవి ఎత్తు వల్లే అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్ లక్షణాలూ ఇవే. ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చి, బయటికెళ్తే తగ్గుతుంటే ఎత్తును నిందించొద్దు. అమ్మే, అద్దెకిచ్చే ఇళ్లలో పడకగదుల గుమ్మాలకు 15 అడుగుల లోపల అలారం ఉండాలని కొలరాడోలో 2009 నుంచి చట్టం ఉంది. మీ ఇంట్లో ఉందో లేదో ఈ రాత్రే చూడండి. అది మోగితే ఫర్నేస్ దగ్గరికి పోవద్దు. పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకుని బయటికి వచ్చేసి 911కు ఫోన్ చేయండి.