నెహ్రూ ప్లేస్‌కి వెళ్లేముందు

నోయిడా

చి. అమ్మడికి,

బొమ్మలు గీసే క్రీటా ప్రోగ్రామ్‌లో పెద్ద బ్రష్ పడితే గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తోందనీ, శనివారం నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ కొంటాననీ రాశావు. ఆగు తల్లీ. అక్కడ మెట్రో దిగావో లేదో పిలిచి మరీ దుకాణంలోకి తీసుకెళ్తారు. ఏ రోగం చెప్పినా వాళ్లిచ్చే మందు ఒకటే, ఇంకా పెద్ద కార్డు. గేమ్‌లు ఆడేవాళ్లకు అది పనిచేస్తుందేమో, నీకు కాదు.

క్రీటాలో బ్రష్ లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. సెట్టింగ్స్‌లో కనిపించే గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ కాన్వాస్‌ను తెరమీద చూపించడానికే: జూమ్ చేయడం, తిప్పడం, జరపడం. 2008లో ఫోటోషాప్ సీఎస్4 కార్డుకు అప్పగించినవీ ఇలాంటి పనులే.

నువ్వు గీసే గీత నిజానికి వరసగా పడే ముద్రలు. 500 పిక్సెళ్ల బ్రష్, 10 శాతం స్పేసింగ్ అనుకో. ప్రతి 50 పిక్సెళ్లకూ ఒక ముద్ర, ఒక్కో ముద్రకు రెండున్నర లక్షల పిక్సెళ్లు. 2000 పిక్సెళ్ల గీతకు 40 ముద్రలు, అంటే కోటి పిక్సెళ్ల లెక్క. స్పేసింగ్ 1 శాతానికి దించావా, పది కోట్లు!

ఒకే లెక్కను లక్షల పిక్సెళ్ల మీద ఒక్కసారే చేయడంలో కార్డుకు సాటి లేదు. మరి బ్రష్‌ను దానికే ఇవ్వొచ్చుగా అంటావు. స్మడ్జ్ బ్రష్‌నే చూడు. ముందు ముద్ర వదిలిన రంగు చూసుకుంటే గానీ తర్వాతది పడదు, కాబట్టి అన్నిటినీ ఒకేసారి వేయడం కుదరదు. పైగా లేయర్లు, అన్‌డూలు ఉండేది ర్యామ్‌లో, కార్డు మెమరీ వేరు. ఏ3 బొమ్మ 300 డీపీఐలో, 8 బిట్‌లో, ఒక్క లేయరే 70 ఎంబీ దాకా ఉంటుంది. అటూ ఇటూ మోయడానికే సమయం పోతుంది. మొదటినుంచీ కార్డును దృష్టిలో పెట్టుకుని ఇంజన్ రాస్తే వేరే సంగతి. 2019లో వచ్చిన కోరెల్ పెయింటర్ 2020 కొన్ని బ్రష్‌లకు కార్డు సాయం తీసుకుంది.

క్రీటా వాళ్లు మరో దారి పట్టారు. 2016 నాటి 3.0లో ఇన్‌స్టంట్ ప్రివ్యూ తెచ్చారు. గీతను ముందు చిన్న సైజులో చూపించి, అసలు సైజు లెక్క వెనకాల పూర్తిచేస్తుంది. గడుసు ఉపాయం! కానీ కాన్వాస్‌ను జూమ్ తగ్గించి చూస్తున్నప్పుడే లాభం. 2018లో 4.0తో బ్రష్ పనిని ప్రాసెసర్ కోర్లన్నిటికీ పంచారు.

ఇప్పుడు నీ లాప్‌టాప్ చూడు. కాన్వాస్ తిప్పుతుంటే తడబడుతోందా? అది కార్డు పని. రెండు కార్డుల లాప్‌టాప్ అయితే విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో క్రీటాకు హై పెర్ఫార్మెన్స్ ఎంచు. పెద్ద బ్రష్‌కే ఆలస్యమైతే స్పేసింగ్ కాస్త పెంచు, ఇన్‌స్టంట్ ప్రివ్యూ టిక్ పెట్టు, ఫైలు 16 బిట్‌లో ఉందేమో చూడు. లేయర్లు పెరిగాకే నెమ్మదిస్తోందంటే ర్యామ్ కొనుక్కోవచ్చు, అదీ లాప్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉందో లేదో చూసుకున్నాకే.

ఏం తేలిందో శుక్రవారంలోగా ఫోన్ చేసి చెప్పు. కొనాల్సిందే అయితే శనివారం నేనూ వస్తాను, ఆదివారం ఆ మార్కెట్ మూత.

మీ బాబాయి