తీగ గులాబీని నరకొద్దు, వంచి కట్టండి

మా కరీంనగర్, ఆదిలాబాద్ ఊర్లల్ల పాత ఇండ్ల ముంగట తీగ గులాబీ గోడెక్కి కనిపిస్తది. "గింత పెరిగింది గానీ పువ్వే లేదు" అని చాలామంది మొదలుకంటా నరికేస్తున్నరు, కొందరు పీకేస్తున్నరు. మంచి వాసనున్న నాటు మొక్క గట్ల పోతున్నది. అసలు లోపం మొక్కల లేదు, కట్టే పద్ధతిలో ఉంది.

తీగ నిట్టనిలువుగా పెరిగినప్పుడు కొనమొగ్గ నుంచి ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగి పక్క మొగ్గలను లేవనియ్యదు. అందుకే పూలన్నీ పైన చివర్లోనే వస్తయి. అదే తీగను అడ్డంగా వంచి కడితే ప్రతి కణుపు నుంచి పక్క కొమ్మ వస్తది, పూలు దానికే పూస్తయి. పొద గులాబీలెక్క అక్టోబర్‌లో మొత్తం కత్తిరిస్తే, పూలిచ్చే ముదురు తీగే పోతుంది.

వానలు తగ్గినంక, అక్టోబర్ రెండో పక్షంలో ఈ పని పెట్టుకోండి. ఎండినవి, బాగా ముసలివైన తీగలు ఒకటి రెండు మొదట్లో తీసేయండి. మిగతావాటిని దడికో పందిరికో అడ్డంగా, సుతిలితో వదులుగా కట్టండి. బిగిస్తే తీగ లావైనకొద్దీ తాడు కోసుకుపోతది. ముదురు తీగను ఒక్కసారే వంచితే విరుగుతది. వారం వారం కొంచెం కొంచెం దించాలి. వీడియోలో నేను వంచే తీరు నెమ్మదిగా చూడండి, రాతలో ఇది సరిగ్గా చెప్పలేను. పక్క కొమ్మలు పూసినంక వాటిని 2-3 కణుపులు ఉంచి కత్తిరిస్తే సరి.

ఇంకో సంగతి. మన దేశంలో గులాబీ అంటు కట్టడానికి వేరు మొక్కగా వాడే పాత రకాల్లో రోజ్ ఎడ్వర్డ్ ఒకటి. ఇది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి పేరు మోసిన బోర్బన్ జాతి. ఆ దీవి పాత పేరే బోర్బన్. కొన్ని ఇండ్లల్ల పైన కట్టిన అంటు చచ్చి, కింది వేరు మొక్కే తీగై ఎక్కుతది. పూల రంగు మారిందంటే సంగతి అదే. వాసన బాగుంటే ఉంచుకోండి, నేనైతే ఉంచుకుంట.

కొత్త మొక్కకు అంటు అక్కర్లేదు. పెన్సిల్ లావు కొమ్మను జానెడు కోసి, బీజామృతంలో ముంచి, మూడింట రెండు వంతులు మట్టిలోకి గుచ్చి నీడన పెట్టండి. చెల్క నేలైతే చెద ఉంటది, గుంతలో వేపపిండి కలపండి. రేగడిలో నీళ్లు నిలిస్తే వేర్లు కుళ్లుతయి, మట్టి ఎత్తు చేసి నాటాలి. పదిహేను రోజులకోసారి లీటరు జీవామృతం పది లీటర్ల నీళ్లల్ల కలిపి మొదట్లో పోయండి. ఎండాకాలం వరిగడ్డి ఆచ్ఛాదన తప్పనిసరి, కాండానికి మాత్రం తగలనియ్యొద్దు.