పాత ఆట, కొత్త ప్రత్యర్థి

ప్రశ్న: హాస్టల్లో తెల్లారేదాకా ఆడిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2 కొత్త వెర్షన్ కొన్నాను. ఇంతలోనే విసుగొచ్చింది. ఎందుకు?
– ఓ టెకీ, మాదాపూర్

జవాబు: లోపం ఆటలో లేదండీ. 1999 నాటి ఆటకు 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌లో బొమ్మలు మెరుగయ్యాయి, పొలాలు వాటంతటవే మళ్లీ నాటుకుంటాయి. మారింది ప్రత్యర్థి. అప్పట్లో పక్క గదివాడు, మీలాగే అరకొరగా ఆడేవాడు. ఇప్పుడు ఆన్‌లైన్ ర్యాంక్‌డ్ పోటీల్లో తగిలేవాడు ఏ గొర్రెను ఎప్పుడు కొయ్యాలో కూడా కంఠస్థం చేసి వస్తాడు. మీరు ఫ్యూడల్ ఏజ్‌లో కుదురుకునేలోపే మీ కట్టెలు కొట్టేవాళ్ల మీద పడతాడు. రోజంతా జిరా టికెట్లు మూసి, సైబర్ టవర్స్ ట్రాఫిక్ దాటొచ్చిన బుర్రకు ఇదేం వినోదం? ర్యాంక్‌డ్ మానేయండి. శనివారం రాత్రి పాత రూమ్మేట్లను పోగేసి బ్లాక్ ఫారెస్ట్ మ్యాప్ పెట్టండి. అక్కడ అడవే గోడ, తొందరగా ఎవరూ మీదికి రాలేరు.