ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌ను సేఫ్‌గా సెట్ చేసుకోవడం ఎలా?

పాత రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకున్నారా? అయితే దాన్ని పీసీ నుంచే కంట్రోల్ చేసే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మీకు రెడీగా ఉంటుంది. కాకపోతే ఇందులో లాగిన్ అయ్యేది 'రూట్' యూజర్‌గా. అది ఎవరి చేతికి చిక్కినా రౌటర్ మొత్తం వాళ్లదే! 2016లో మిరాయ్ మాల్వేర్ లక్షలాది రౌటర్లు, కెమెరాల్లోకి దూరింది మార్చకుండా వదిలేసిన డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లతోనే. అందుకే పాస్‌వర్డ్ బదులు కీ వాడదాం.

కీ అంటే ఏంటి?

ఇవి జంట ఫైళ్లు. పబ్లిక్ కీ తాళం లాంటిది, రౌటర్‌లో పెడతాం. ప్రైవేట్ కీ తాళంచెవి, మీ పీసీ దాటి బయటకు పోకూడదు.

సెట్టింగ్స్ ఇలా మార్చండి

1. బ్రౌజర్‌లో 192.168.1.1 ఓపెన్ చేసి, సిస్టమ్ > అడ్మినిస్ట్రేషన్‌లో గట్టి రౌటర్ పాస్‌వర్డ్ పెట్టండి. కొత్తగా వేసినప్పుడు రూట్‌కి పాస్‌వర్డే ఉండదు.

2. విండోస్ 10 లేదా 11 పీసీలో పవర్‌షెల్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్ రన్ చేయండి. పాస్‌ఫ్రేజ్ అడిగితే ఖాళీగా వదలొద్దు. ల్యాప్‌టాప్ పోయినా కీని కాపాడేది అదే.

3. 'డాట్ పబ్'తో ముగిసే ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అందులోని లైన్ మొత్తాన్ని ఎస్‌ఎస్‌హెచ్-కీస్ ట్యాబ్‌లో పేస్ట్ చేసి యాడ్ కీ నొక్కండి.

4. ఇక్కడ ఆగండి! పవర్‌షెల్‌లో కొత్త విండో తెరిచి లాగిన్ అయి చూడండి. రౌటర్ పాస్‌వర్డ్ అడగకుండా, కీ పాస్‌ఫ్రేజ్‌తోనే లోపలికి వెళ్తేనే తర్వాతి స్టెప్‌కి రండి.

5. ఎస్‌ఎస్‌హెచ్ యాక్సెస్ ట్యాబ్‌లో ఇంటర్‌ఫేస్‌ను 'లాన్' చేయండి. పాస్‌వర్డ్ అథెంటికేషన్, అలౌ రూట్ లాగిన్స్ విత్ పాస్‌వర్డ్, ఈ రెండు టిక్‌లూ తీసేసి సేవ్ అండ్ అప్లై కొట్టండి.

పోర్ట్ నంబర్ మారిస్తే సరిపోదా?

22 బదులు వేరే నంబర్ పెడితే బాట్‌ల గోల తగ్గుతుంది, అంతే. పోర్ట్‌లన్నీ స్కాన్ చేసేవాడికి అది ఇట్టే దొరుకుతుంది.

ఊరెళ్లినప్పుడు లాగిన్ కావాలంటే?

ఫైర్‌వాల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్‌ను ఇంటర్నెట్‌కి తెరవకండి. రౌటర్‌లో వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టుకోండి. ముందు దాంతో ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చి, ఆ తర్వాతే లాగిన్ అవ్వండి.

కీ పోతే?

కంగారొద్దు. బ్రౌజర్ పేజీ ఇంకా పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది, అక్కడ కొత్త కీ యాడ్ చేసుకోవచ్చు. మొదటి స్టెప్‌లో గట్టి పాస్‌వర్డ్ పెట్టమన్నది ఇందుకే. మీకు తెరుచుకునే ఆ దారి వేరేవాళ్లకీ తెరుచుకోకూడదు కదా!