పండుగనాటి వంచన

దసరా, దీపావళి, సంక్రాంతి సమీపించినంతనే ప్రతి యింటను క్రొత్తబట్టల ముచ్చట మొదలగును. పూర్వము జనులు అంగడికి పోయి, బట్టను చేతితో తడవి చూచి, బేరమాడి కొనెడివారు. నేడు చేతిలోని ఫోనే అంగడియైనది. 2016వ సంవత్సరమున యూపీఐ వచ్చినది మొదలు సొమ్ము చెల్లించుట క్షణములో ముగియుచున్నది. అయితే మేలు వచ్చిన త్రోవనే కీడును వచ్చును.

ఒక గృహిణి సంక్రాంతికి పట్టుచీర కొనదలచి ఫోనులో వెదకెను. మూడువేల చీర ఆరువందలకే యనియు, ఆ వెల ఆ రాత్రితో సరియనియు ఒక ప్రకటన కనబడెను. ఆమె తొందరపడి సొమ్ము పంపెను. పదిదినములు గడచినను చీర రాలేదు. అంతట ఆమె ఆ దుకాణపు నంబరును అంతర్జాలమున వెదకి ఫోను చేసెను. అవతలివాడు మిక్కిలి వినయముతో, “అమ్మగారూ! పొరపాటు మాదే. మీ సొమ్ము తిరిగి యిచ్చెదము. మేము పంపిన క్యూఆర్ గుర్తును స్కాను చేసి మీ పిన్ నొక్కుడు” అనెను.

ఆమె నొక్కబోవుచుండగా ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమారుడు చేయి పట్టుకొని, “అమ్మా! సొమ్ము మనకు వచ్చుటకు పిన్ ఎందుకు?” అని యడిగెను. ఆమె ఉలికిపడి ఫోను పెట్టివేసెను. ధాన్యమమ్మగా వచ్చిన ఇరువదివేలు ఖాతాలోనే నిలిచెను.

ఆ బాలుని ప్రశ్నలోనే రక్షణోపాయమున్నది. పిన్ సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు గాదు. ఇట్టి దొంగ తాళము పగులగొట్టడు. తాళపుచెవిని మనచేతనే త్రిప్పించును. అందులకు వాని సాధనములు రెండు: ఆశ, తొందర. కావున నమ్మశక్యము గాని చౌక కనబడినచో ఒకనాడు ఆగి, పెద్దల నడుగవలెను. తెలియనివారు పంపిన లంకెలను నొక్కరాదు. ఓటీపీని బ్యాంకు ఉద్యోగినని చెప్పువానికైనను తెలుపరాదు. దుకాణపు నంబరును ఆ దుకాణపు యాప్‌లోనే చూడవలెను.

మోసపోయినచో సిగ్గుపడి దాచుట రెండవ నష్టము. దొంగ సొమ్మును త్వరత్వరగా ఖాతానుండి ఖాతాకు మార్చును. తక్షణమే ప్రభుత్వ సహాయ నంబరగు 1930కి తెలిపినచో, అది చేయి దాటకమునుపే బ్యాంకులు నిలుపుటకు వీలుండును.

ఆ గృహిణియు నాడే ఫిర్యాదు చేసెను. కాని పదిదినములు గడచిపోయినందున ఆరువందలు తిరిగి రాలేదు. ఆ సంక్రాంతికి ఆమె పాతచీరనే కట్టెను. జరిగినదానిని దాచక ఇరుగుపొరుగు వారికెల్ల చెప్పెను. ఆ మాట విని జాగ్రత్తపడిన ఇండ్లు ఎన్నియో!