అది తిండియావ కాదు

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. డిగ్రీ అయిపోయింది, సంబంధాలు చూస్తున్నారు. నిరుడు ఒకరు ‘పిల్ల కొంచెం లావు’ అన్నారని కబురొచ్చింది. అప్పట్నుంచి పొద్దంతా ఛాయ్‌తోనే గడుపుతున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళితే చెయ్యి ఆగదు. మొన్న సంక్రాంతికి చేసిన సకినాల డబ్బా సగం ఖాళీ చేసి, గిన్నెలో మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకొని అదీ తినేశాను. తర్వాత భయమేసి కక్కేస్తాను. వారంలో మూడు నాలుగుసార్లు ఇంతే. మానేస్తానని రోజూ ఒట్టు పెట్టుకుంటాను. నాకు బుద్ధి లేదా?
– ఒక సోదరి, గార్ల

జవాబు: బుద్ధికి ఏ లోటూ లేదు. మీరు రాసినదాన్ని బట్టి ఇది బులీమియా నెర్వోసా అనే జబ్బులా ఉంది. లండన్ మానసిక వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ 1979లో దీనికి ఆ పేరు పెట్టారు. నిర్ధారించాల్సింది మాత్రం డాక్టరే.

కథ సకినాల డబ్బా దగ్గర మొదలు కాలేదు, పొద్దున మానేసిన తిండి దగ్గర మొదలైంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూశారు. వాళ్ల ధ్యాసంతా తిండి మీదే. తర్వాత కావలసినంత పెడితే కొందరు ఎంత తిన్నా ఆపలేకపోయారు. వాళ్లకేమీ పెళ్లిచూపులు లేవు!

మరి ఎందుకు వదలదు? కక్కగానే భయం దిగుతుంది. ఆ తేలికే ఉచ్చు. ‘ఎలాగూ కక్కేస్తాను కదా’ అన్న ధీమా మర్నాడు ఇంకో గుప్పెడు తినిపిస్తుంది. నిజానికి తిన్నదంతా వాంతిలో బయటికి రాదు. తిని కక్కామన్న సిగ్గుతో మళ్లీ కడుపు మాడ్చుకుంటారు, మళ్లీ ఆకలి. ఎవరికీ చెప్పుకోరు కాబట్టి ఆపేవాళ్లూ ఉండరు. వీటన్నిటికీ వేరు ఒకటే: మనిషి విలువను ఒంటి బరువుతో తూచడం. ఆ తక్కెడ మీకు ఇతరులు ఇచ్చిందే.

ఈ కక్కే అలవాటు పళ్ల ఎనామిల్‌ను తినేస్తుంది. వాంతులతో ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. దడ, కళ్లు తిరగడం, వాంతిలో రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వాంతి అయ్యాక బ్రష్ చేయకుండా నీళ్లతో పుక్కిలించండి.

ఒట్టు వాంతి మీద కాదు, పూట తప్పకుండా తినడం మీద పెట్టుకోండి. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. ఎప్పుడు, ఏ మనసుతో తిన్నారో నోటుబుక్కులో రాయండి. ఆలోచనల తీరును సరిదిద్దే చికిత్స (సీబీటీ) సుమారు 20 సిట్టింగుల్లో చాలామందికి మేలు చేస్తుంది. అవసరమైతే డాక్టర్లు మందులూ ఇస్తారు, సొంతంగా వాడొద్దు. రైలెక్కితే వరంగల్, అక్కడ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. ముందు ఫోన్లో మాట్లాడాలంటే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో ఒక్కరికైనా, అమ్మకో అక్కకో చెప్పండి.

రేపు పొద్దున ఛాయ్‌తో పాటు రెండు ఇడ్లీలు తినండి. చికిత్సకు అదే మొదటి రోజు.