చేతిలో సీటు, పైన ఆశ



కౌన్సెలింగ్ రోజులలో దివ్యబలి పూజ ముగిశాక గుడి వరండాలో తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "ఫాదర్ గారూ, అమ్మాయికి సీటొచ్చింది, ఫీజు కూడా కట్టేశాం. ఇంకా మంచిది వస్తుందేమో, ఆగమంటారా?"

ముందు పద్ధతి తెలుసుకుందాం. 2015 నుండి ఐఐటీలకు, ఎన్ఐటీలకు కలిపి 'జోసా' ఉమ్మడి కౌన్సెలింగ్ జరుగుతున్నది. సీటు వచ్చినవారు ఫీజు కట్టి మూడింటిలో ఒక మాట చెప్పాలి. 'ఫ్రీజ్' అంటే ఇదే చాలును అని. 'స్లయిడ్' అంటే ఇదే కాలేజీలో నా జాబితాలో పైనున్న బ్రాంచి వస్తే మారతాను అని. 'ఫ్లోట్' అంటే జాబితాలో దీనికి పైన రాసినది ఏ కాలేజీలో వచ్చినా వెళ్తాను అని.

పైది రాకపోతే చేతిలోని సీటు ఎక్కడికీ పోదు. అందుకే "ఆగితే పోయేదేముంది?" అంటారు. ఈ మాట సగమే నిజం. పైది వచ్చిందంటే పాతది దానంతటదే రద్దయి మరొకరికి పోతుంది. "వెళ్తావా?" అని మళ్లీ అడిగేవారుండరు. మన ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ఫ్రీజ్, ఫ్లోట్ అనే పేర్లు లేవు గాని, తరువాతి విడతలో కొత్త సీటు వస్తే పాతది పోవడం అక్కడా వున్నదే.

ఒక ఉదాహరణ చూడండి. అమ్మాయికి తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఎలక్ట్రానిక్స్ వచ్చిందనుకుందాం. జాబితాలో దానికి పైన అగర్తలాలో కంప్యూటర్స్ వున్నది. "ఎక్కడైనా కంప్యూటర్సే గదా" అని మేనమామ రాయించాడు. ఇంట్లో మాత్రం త్రిపుర దాకా పంపే ఉద్దేశం ఎవరికీ లేదు. ఈ స్థితిలో ఫ్లోట్ పెడితే, ఒక సాయంత్రం అగర్తలా వచ్చి కూర్చుంటుంది, గూడెం పోతుంది. ఇంటిల్లిపాదీ కోరనిది వారి సంతకంతోనే వస్తుంది! జాబితా లాక్ అయ్యాక పేర్లు కొట్టేయడానికి వీలుండదు. కాబట్టి "వస్తుందా?" అని కాదు, "వస్తే నిజంగా వెళ్తామా?" అని అడగాలి. పైనున్న ఒక్కొక్క పేరు చదివి, ఖర్చు, దూరం, పిల్ల ఇష్టం చూసి, అన్నింటికీ "వెళ్తాం" అని రాకపోతే ఫ్రీజో, స్లయిడో పెట్టుకోవడం మేలు. అన్నింటికీ అవునంటే నిర్భయంగా ఫ్లోట్ పెట్టండి. అది అత్యాశ కాదు.

సెమినరీలో మాకు నేర్పిన అరిస్టాటిల్ తత్వంలో, మనిషి తర్కించి నిర్ణయించేది తన చేతిలో వున్న వాటిని గూర్చి మాత్రమే. ముందు ర్యాంకువాడు సీటు వదులుతాడా లేదా అన్నది మన చేతిలో లేదు. అయినా రాత్రంతా ఫోను చూస్తూ దానినే లెక్కవేస్తాం.

పునీత ఇగ్నేషియస్ లొయోలా 1548లో ప్రచురితమైన తన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో ఎన్నికలను రెండు రకాలుగా విడదీశారు. వివాహం, గురుత్వం వంటివి మార్చరానివి. మిగిలినవి మార్చదగినవి. మార్చదగిన దానిని కూడా సక్రమంగా ఎన్నుకున్నట్లయితే తిరిగి తిరిగి ఎన్నుకోనక్కరలేదని, అందులోనే ఎదగమని వారి బోధ. కాలేజీ రెండవ రకానిది. కనుక మారడం పాపమేమీ కాదు. బాగా ఆలోచించి తీసుకున్న సీటును "ఎదురింటి అబ్బాయికి ఇంకా పెద్దది వచ్చింది" అని తిరగదోడటమే అనవసరం. వారు చెప్పిన మరొక ఉపాయం కూడా పనికొస్తుంది. ముఖపరిచయం లేని మనిషి ఇదే సలహా అడిగితే ఏమి చెబుతావో ఆలోచించు, ఆ తరువాత నీవూ అదే చెయ్యి అంటారు. ముక్కూమొహం తెలియని పిల్లవాడికి సలహా చెప్పేటప్పుడు మన పరువు అడ్డురాదు గదా.

ఇంకొక సంగతి. జోసాలో ఒక సీటు, ఈఏపీసెట్‌లో ఒక సీటు పట్టుకొని కాలేజీ తెరిచేదాకా రెండూ వదలనివారున్నారు. ఫ్లోట్‌లో ఆగడం వలన ఎవరికీ నష్టం లేదు. ఇది మాత్రం న్యాయం కాదు. ఆ రెండవ సీటు కోసం మన విచారణలోనే మరొక ఇంట్లో ఒక తల్లి ఎదురు చూస్తూ వుండవచ్చు. వద్దనుకున్నదానిని గడువులోగా రద్దు చేసుకోండి.

వచ్చే ఏడు పరీక్ష రాసే పిల్లలున్న ఇళ్లవారికి ఒక మనవి. జాబితా లాక్ చేసే ముందు రాత్రి అమ్మ, నాన్న, పిల్ల ముగ్గురూ కూర్చొని ఒక్కొక్క పేరు పైకి చదవండి. మేనమామను మరునాడు పిలవవచ్చు.